ఉప్పుగాలిలో క్రోమ్, అల్యూమినియం మెరుపు నిలబెట్టేదెట్టా?

మైపాడు_బుల్లెట్:
నమస్తే అన్నలూ. నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. ఊరు నెల్లూరు దగ్గర సముద్రపు ఒడ్డున మైపాడు పక్కనే, రొయ్యల గుంటల పని, బండి రోజూ గట్ల మీదనే తిరుగుతుంది. సైలెన్సర్ వెనక సగం, సీటు వెనక పట్టుకునే రాడ్డు, వెనక ఇండికేటర్ల గిన్నెలు, వీటి మీదంతా సూదిమొన అంత ఎర్ర చుక్కలు లేచాయి. ముందు హెడ్‌లైట్ రింగు, హ్యాండిల్ మాత్రం పర్వాలేదు, మెరుస్తానే ఉన్నాయి. ఇంజన్ కవర్ల కథ వేరే. అక్కడ ఎర్ర తుప్పు లేదు గానీ పై పొర కింద వానపాములు పాకినట్టు తెల్ల గీతలు వచ్చి, ఎంత రుద్దినా పోవడం లేదు. వాటర్ సర్వీస్ అతను యాసిడ్ వేసి రెండు నిమిషాల్లో కొత్తదాన్ని చేస్తానంటున్నాడు, ఇంట్లో మా అమ్మ చింతపండు పెట్టి రుద్దమంటోంది, షాపులో ఒక డబ్బా పాలిష్ చేతిలో పెట్టి అన్నిటికీ ఇదే అన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

కావలి_మెకానిక్:
యాసిడ్ మాత్రం వద్దు తమ్ముడూ, దణ్ణం పెడతా. వాళ్ళు వాడేది చాలాచోట్ల బాత్‌రూమ్ కడిగే యాసిడ్డే, అంటే హైడ్రోక్లోరిక్. అది తుప్పుని తినడం నిజమే, కానీ క్రోమియాన్ని కూడా కరిగిస్తుంది. కడిగిన పూట తళతళ మెరుస్తుంది, డబ్బులిచ్చి వచ్చేస్తావు. తర్వాత రెండు రోజుల్లో మొత్తం ముదురు పసుపు రంగులోకి తిరిగి, చుక్కలున్న చోట మచ్చలు అవుతాయి. ఇట్టా వచ్చిన బళ్ళు నా షెడ్డుకి నెలకి ఒకటైనా వస్తాయి. స్పోకుల చక్రాలకి వేస్తే ఇంకా ఘోరం, స్పోకుల్ని రిమ్ముకి బిగించే నిప్పిళ్ళలోకి (చిన్న నట్లు) దిగి అక్కడ కూర్చుంటుంది, ఎంత కడిగినా పోదు.

నెల్లూరు_పులుసు:
చింతపండు చేపల పులుసుకి పెట్టుకోమని అమ్మకి చెప్పు బాసూ, రేట్లు చూస్తున్నావా 😀

కనిగిరి_మాస్టారు:
పులుసు గారు నవ్వించినా మాట సరైనదే. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం, ఇత్తడి, రాగి బిందెల మీది చిలుముని కరిగించడానికి మన అమ్మలు వాడేది అందుకే. అల్యూమినియం మీద అదే పని చేయబోతే మెరుపు రాకపోగా మసకబారుతుంది. క్రోమ్ మీద దానివల్ల లాభం లేదు, ఊరికే ఖర్చు.

అసలు ముందు క్రోమ్ అంటే ఏమిటో అర్థమైతే మిగతా సగం గొడవలు ఉండవు. మన బండి మీద కనిపించే క్రోమ్ పొర అర మైక్రాన్ కూడా ఉండదు, అంటే వెంట్రుక మందంలో నూరో వంతు కూడా కాదు. దాని కింద నికెల్ పొర ఉంటుంది, అది పది, ఇరవై మైక్రాన్లు ఉంటుంది, బాగా చేసిన వాటికి నికెల్ కింద రాగి కూడా వేస్తారు. కింద ఉన్నది మామూలు ఇనుము. నిజానికి మెరుపులో చాలా భాగం నికెల్‌ది, క్రోమ్ పైన కూర్చుని దాన్ని గట్టిగా కాపాడుతుంది, కొంచెం నీలి ఛాయ ఇస్తుంది. ఆ క్రోమ్ పొరకి కంటికి కనబడని సన్నని పగుళ్ళు, రంధ్రాలు ఉంటాయి. ఉప్పునీళ్ళు వాటిలోంచి దిగి, నికెల్ పలచగా ఉన్న చోట ఇనుముని అందుకుంటాయి. ఎర్ర చుక్క అక్కడే. అంటే తుప్పు పట్టింది క్రోమ్ కాదు, కింద ఉన్న ఇనుము బయటికి తొంగి చూస్తోంది. కాబట్టి ఎంత పాలిష్ చేసినా ఆ రంధ్రం పూడదు. చుక్కని తీయొచ్చు, రంధ్రాన్ని మూసి ఉంచొచ్చు, అంతే.

ఆర్ఎక్స్_ఒంగోలు:
మాస్టారూ భలే చెప్పారు. నేను యమహా ఆర్ఎక్స్ 100 బండి వాడిని, ముందు వెనక రెండు మడ్‌గార్డులూ క్రోమే, రిమ్ములూ క్రోమే, సైలెన్సరూ క్రోమే, కాబట్టి నాకు ఇది ఆదివారం పని కాదు, వ్యసనం. చుక్కలు తీయడానికి వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు చాలు. దాన్ని ఉండలా నలిపి నీళ్ళలో ముంచి చిన్న చిన్న సుడులుగా రుద్దాలి, బలం పెట్టక్కర్లేదు. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు, తుప్పు మాత్రం బురదలా ఊడి వస్తుంది. రేకు నల్లబడితే మార్చు. కొంతమంది నీళ్ళ బదులు కోలా పోస్తారు, అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి తుప్పు కాస్త తొందరగా వదులుతుంది, కానీ తర్వాత జిగురు కడుక్కోవడం ఇంకో పని. నేను నీళ్ళే వాడతా.

అది అయ్యాక క్రోమ్ పాలిష్ పేస్టు, ఆటోసోల్ లాంటిది, బఠాణీ గింజంత తీసుకుని పాత బనీను గుడ్డతో. ఎక్కువ వేస్తే ఎక్కువ మెరవదు. చివర వ్యాక్స్. ఆ వ్యాక్స్ వేయకపోతే నువ్వు చేసింది ఆదివారం సాయంత్రం దాకే.

స్టోన్‌హౌస్‌పేట_సందు:
రేకు ఎందుకన్నా, స్టీల్ పీచుతో రుద్దితే అయిపోయేదానికి. గిన్నెలు తోమేది ఉంటుంది గదా.

ఆర్ఎక్స్_ఒంగోలు:
అయిపోతుంది, క్రోమ్ కూడా అయిపోతుంది 🙂 గిన్నెల పీచు వేరు, నాలుగు సున్నాల స్టీల్ ఊల్ వేరు. నాలుగు సున్నాలది దూదిలా ఉంటుంది, నూనె చుక్క వేసి క్రోమ్ మీద వాడొచ్చు. గిన్నెల పీచు, ఆకుపచ్చ స్క్రబ్బర్ రెండూ దూరం పెట్టు. ఆ ఆకుపచ్చ దాంట్లో రాపిడి పొడి అంటించి ఉంటుంది.

చీమకుర్తి_గ్రైండర్:
స్టీల్ ఊల్ క్రోమ్ వరకే అని గట్టిగా చెప్పండన్నా. అల్యూమినియం మీద అది వాడితే ఇనుప రజను మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని ఉండిపోతుంది, వానపడ్డాక ఆ రజను తుప్పు పట్టి అల్యూమినియం మీద ఎర్ర మచ్చలు వస్తాయి. చూసినోళ్ళు అల్యూమినియానికి కూడా తుప్పా అని ఆశ్చర్యపోతారు.

వేదాయపాలెం_రైడర్:
చదువుతుంటే టెన్షన్ వస్తోంది, మా ఆయన మా స్ప్లెండర్ ఇంజన్‌ని ఆకుపచ్చ స్క్రబ్బర్‌తో వారం వారం తోముతున్నారు, వెండిలా ఉంది కాబట్టి అల్యూమినియమే అనుకుని. ఇప్పుడు అక్కడక్కడ నల్లగా, బోడిగా కనిపిస్తోంది. అది ఏమిటి?

కావలి_మెకానిక్:
అక్కా, అది వెండిరంగు పెయింట్. చాలా బళ్ళ ఇంజన్లు అల్యూమినియమే గానీ పైన సిల్వర్ పెయింట్ కొట్టి ఉంటారు. మీవారు తోమింది పెయింట్‌ని. దానికి పాలిష్ అవసరమే లేదు, షాంపూ నీళ్ళు, మెత్తటి బ్రష్ చాలు. పోయిన చోట వేడి తట్టుకునే సిల్వర్ స్ప్రే దొరుకుతుంది, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు జిడ్డు లేకుండా తుడిచి కొట్టించండి.

చీమకుర్తి_గ్రైండర్:
మైపాడు తమ్ముడి ఇంజన్ కవర్ల దగ్గరికి వద్దాం, నాకు కొంచెం తెలిసిన విషయం అదే. నీ కవర్లు పాలిష్ చేసిన అల్యూమినియం, పైన పారదర్శకంగా లాకర్ పొర, అంటే వార్నిష్ లాంటిది, ఉంటుంది. రాయి తగిలో, బూటు రాసుకునో ఆ పొర ఎక్కడో చిట్లుతుంది, ఉప్పుతేమ అందులోంచి దూరి పొర కిందే పాకుతూ పోతుంది, ఆ తెల్ల గీతలు అవే. నువ్వు పైన రుద్దుతున్నావు, రోగం కింద ఉంది. ఎన్ని డబ్బాలు కొన్నా పోదు.

పొర ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. కనబడని మూల చూసుకుని తెల్ల గుడ్డ మీద కొంచెం మెటల్ పాలిష్ వేసి రుద్దు. గుడ్డ నల్లబడితే అది బోడి అల్యూమినియం, పాలిష్ పనిచేస్తుంది. గుడ్డ తెల్లగానే ఉంటే లాకర్. గుడ్డకి వెండిరంగు అంటితే పెయింట్. అక్కా, మీ స్ప్లెండర్ మీద కూడా ఒకసారి చూడండి.

లాకర్ తీయాలంటే పెయింట్ షాపులో రిమూవర్ దొరుకుతుంది. బ్రష్‌తో పూసి కాసేపు వదిలితే పొర ఉబ్బి ఊడుతుంది. రబ్బరు గ్లవుజులు కావాలి, ఆరుబయట చేయాలి, చేతికి తగిలితే మంట మామూలుగా ఉండదు. ట్యాంకు మీద ఒక్క చుక్క పడినా ట్యాంకు పెయింటు లేస్తుంది, కాబట్టి ట్యాంకు తీసి పక్కన పెట్టు, లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కప్పు. కవర్ విప్పి చేస్తే ఇంకా మేలు, కానీ గ్యాస్కెట్ (కవర్‌కీ ఇంజన్‌కీ మధ్య లీకు కాకుండా వేసే పొర) కొత్తది వేయాలి, ఆయిల్ దించాలి, ఆ తలనొప్పి నీ ఇష్టం.

తర్వాత వాటర్ పేపర్, అంటే తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ మెత్తన. గ్రానైట్ శ్లాబు పాలిష్ చూసినోళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, మా దగ్గర బ్లాక్ గెలాక్సీ అద్దంలా మెరిసేది కూడా నంబరు తర్వాత నంబరు మార్చుకుంటూ పోవడం వల్లే. గీతలు లోతుగా ఉంటే 400తో మొదలుపెట్టి 600, 800, 1000, 1500, 2000. నీళ్ళు పోస్తూనే ఉండాలి. ఒక నంబరు నిలువుగా రుద్దితే తర్వాతది అడ్డంగా రుద్దు. పాత గీతలన్నీ పోయి కొత్త గీతలే మిగిలాకనే తర్వాతి నంబరుకి పో. అందరూ తొందరపడేది ఇక్కడే. 600 దగ్గర వదిలేసిన గీత 2000 అయ్యాక, పాలిష్ కూడా అయ్యాక, ఎండలో బండి నిలబెట్టినప్పుడు కనబడుతుంది. అప్పుడు మళ్ళీ మొదటికి రావాలి. మధ్య మధ్యలో నంబరు మారేటప్పుడు కవర్‌నీ చేతుల్నీ శుభ్రంగా కడుక్కో, పాత గరుకు రేణువు ఒక్కటి మిగిలినా కొత్త గీత పడుతుంది.

మైపాడు_బుల్లెట్:
అన్నా వివరం బాగుంది. అయితే చేత్తోనే చేయాలా, మా ఇంట్లో వెల్డింగ్ పనికి నాలుగించుల గ్రైండర్ ఉంది, దానికి బట్ట చక్రం బిగిస్తే?

చీమకుర్తి_గ్రైండర్:
నాలుగించుల గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది, అల్యూమినియానికి అది మరీ ఎక్కువ. వేడికి పాలిష్ మైనం మాడి నల్లగా అతుక్కుంటుంది, అంచు దగ్గర లోహం అరిగి ఆకారం పోతుంది. డ్రిల్ మిషన్ గానీ, 2800 చుట్లు తిరిగే బెంచి గ్రైండర్ గానీ అయితే సరిపోతుంది. బట్ట చక్రానికి బఫింగ్ కడ్డీ (గట్టి పాలిష్ మైనం) రాసి వాడాలి, గోధుమరంగుది మొదట కోతకి, తెల్లది చివర మెరుపుకి. ఒక్కో రంగుకి ఒక్కో చక్రం, కలపొద్దు.

ఇంకో మాట, ఇది నవ్వులాట కాదు. కవర్ విప్పి చక్రానికి పట్టేటప్పుడు చక్రం కింది సగంలోనే పట్టు, కవర్ పై అంచు చక్రానికి ఎదురుగా పెడితే లాగి విసిరేస్తుంది. వదులు గ్లవుజులు, పొడుగు చేతుల చొక్కా, మెడలో కండువా ఏమీ ఉండకూడదు. కళ్ళద్దాలు, మాస్కు తప్పనిసరి. అల్యూమినియం మెత్తటి పొడి నిప్పు తగిలితే అంటుకునే రకం, అదే చోట ఇనుము గ్రైండింగ్ చేస్తూ నిప్పురవ్వలు లేపొద్దు.

కావలి_మెకానిక్:
దీనికి తోడు ఒకటి. ఎవరైనా సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్ చేసి గేరు వేసి, తిరుగుతున్న వెనక చక్రానికి గుడ్డ పట్టి రిమ్ము తుడిస్తే దయచేసి ఆపండి. గుడ్డ చైనుకీ పళ్ళ చక్రానికీ మధ్య పడితే వేళ్ళు పోతాయి. చక్రం చేత్తో తిప్పుకుంటూ తుడుచుకుంటే పోయేదేముంది.

ఆర్ఎక్స్_ఒంగోలు:
బఫింగ్ అయ్యాక సందుల్లో నల్ల జిడ్డు మిగిలిపోతుంది గదా, దానికి టాల్కం పౌడర్ చల్లి పాత టూత్‌బ్రష్‌తో తుడిస్తే మొత్తం లాగేస్తుంది.

మార్కాపురం_పలక:
ఇంత పని చేసి అద్దంలా చేశాక ఎంతకాలం ఉంటుందో కూడా చెప్పండి మరి. నేను మార్కాపురంలో ఉంటా, సముద్రం లేదు, ఎండా, పలకల దుమ్మూ. నాకు నెలలు నిలబడింది. మైపాడులో వారం నిలబడుతుందా?

చీమకుర్తి_గ్రైండర్:
నిలబడదు. నిజం చెప్పాలంటే సముద్రం పక్కన ఉండేవాళ్ళకి అద్దం పాలిష్ వద్దనే అంటా. లాకర్ తీసిన బోడి అల్యూమినియం ఉప్పుగాలికి వారం పది రోజుల్లో మబ్బుగా మారుతుంది. మళ్ళీ లాకర్ కొట్టిద్దామంటే అద్దంలా ఉన్న దాని మీద అది సరిగా పట్టదు, ఏడాది తిరక్కుండా మళ్ళీ తెల్ల గీతలు. నేనైతే 800 దగ్గర ఆపి, అదే పేపర్‌తో ఒకే దిక్కుగా లాగి, గీతలన్నీ ఒక వైపే ఉండేలా మ్యాట్‌గా వదిలేస్తా. మబ్బు వేసినా కనబడదు, మళ్ళీ చేసుకోవడం అరగంట పని. పైన వ్యాక్స్. బుల్లెట్ వాళ్ళకి ఇది నచ్చదని తెలుసు.

నెల్లూరు_పులుసు:
బుల్లెట్ మ్యాట్‌గానా, పెళ్ళిళ్ళకి ఎట్టా పోవాలి సామీ

మైపాడు_బుల్లెట్:
😀 ఆలోచిస్తా. ఒక సందేహం మాత్రం తీరలేదు. బండి మొత్తం ఒకే ఊళ్ళో, ఒకే గాలిలో ఉంటే ముందు భాగం బాగుండి వెనకంతా ఎందుకు పాడవుతుంది? నేను అనుకున్నది వెనక చక్రం చిమ్మే ఉప్పుబురద. కానీ ఇండికేటర్ గిన్నెలకి బురద పడదు.

కనిగిరి_మాస్టారు:
బండి రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు? వెనక సీటు మీద ఏమేమి మోస్తారు? అన్నీ చెప్పండి.

మైపాడు_బుల్లెట్:
గుంట దగ్గర షెడ్డులో. మేత బస్తాలు, ఏరియేటర్ సామాన్లు, గుంట తయారుచేసేటప్పుడు సున్నం, బ్లీచింగ్ బస్తాలు వెనక సీటు మీదే తెస్తాం. అవన్నీ కూడా అదే షెడ్డులో, బండి వెనకవైపు గోడకి ఆనించి ఉంటాయి.

కనిగిరి_మాస్టారు:
దొంగ దొరికాడు. బ్లీచింగ్ పౌడర్ తేమ తగిలితే క్లోరిన్ వదులుతూనే ఉంటుంది, మూసిన షెడ్డులో రాత్రంతా మీ బండి వెనక భాగం అదే పీలుస్తోంది. పైగా బస్తా నుంచి రాలిన పొడి రాడ్డు మీద, సైలెన్సర్ మీద పడి, మంచుకి తడిసి అక్కడే కూర్చుంటుంది. క్రోమ్ కింద ఇనుముకీ, అల్యూమినియానికీ అది ఉప్పుగాలి కన్నా వేగంగా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌నే గుంటలు పడేలా చేస్తుంది, ఇక క్రోమ్ పూత ఎంత. బండి షెడ్డులోంచి తీసేయండి, లేదా బ్లీచింగ్‌ని వేరే గదికి మార్చండి, ఆ గది తలుపుకి కిందా పైనా గాలి ఆడే చోటు ఉండాలి. మోసిన రోజు మాత్రం బండిని మంచినీళ్ళతో ధారాళంగా కడగండి. పాలిష్ సంగతి తర్వాత.

మైపాడు_బుల్లెట్:
మాస్టారూ! షెడ్డు తలుపు గొళ్ళేలు, తాళం, సైకిలు చైను అన్నీ ఎందుకు నాశనమవుతున్నాయో ఇప్పుడు తెలిసింది. బాబాయికి ఈ పోస్టు చదివి వినిపించా, బస్తాలు రేపే మారుస్తామన్నాడు.

కొత్తపట్నం_గాలి:
నేను కూడా సముద్రం వాడినే, కొంచెం చెప్తా. కడగడం అంటే బోరు నీళ్ళతో కాదు. మా దగ్గర చాలా బోర్లు ఉప్పే, దాంతో కడిగితే ఉప్పుని ఉప్పుతో కడిగినట్టు. తాగే నీళ్ళు ఒక బకెట్టు ఖర్చు పెట్టండి, కడిగిన వెంటనే గుడ్డతో తుడవండి, ఎండకి ఆరనివ్వొద్దు. వేడి సైలెన్సర్ మీద నీళ్ళు పోయొద్దు. ముందు నీళ్ళు పోసి ఇసుక, దుమ్ము కొట్టుకుపోయాకనే గుడ్డ తాకించాలి, పొడిగుడ్డతో తుడిస్తే ఆ ఇసుకే గీతలు పెడుతుంది.

కనిగిరి_మాస్టారు:
మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళ సంగతి అందరికీ తెలిసిందే, దానికి తోడు కాఠిన్యం కూడా ఎక్కువే. ఆరిపోతే క్రోమ్ మీద తెల్ల మచ్చలు మిగులుతాయి, అవి కాల్షియం లవణాలు. వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి గుడ్డకి అద్ది తుడిచి వెంటనే కడిగేస్తే పోతాయి. క్రోమ్ మీదే, అల్యూమినియం మీద కాదు.

స్టోన్‌హౌస్‌పేట_సందు:
మా నాన్న వేస్ట్ ఇంజన్ ఆయిల్ పూసేవాడు, వానాకాలం మొత్తం తుప్పు లేదు. ఇంత ఖర్చు ఎందుకు?

కావలి_మెకానిక్:
పూస్తే తుప్పు ఆగుతుంది, కాదనను. కానీ వేస్ట్ ఆయిల్‌లో ఇంజన్ లోపల పుట్టిన ఆమ్లాలు, మసి ఉంటాయి, దుమ్ము పట్టి ముద్దవుతుంది, ప్యాంటు చెప్పక్కర్లేదు. డిస్కు మీద ఒక చుక్క పడితే బ్రేకు పట్టదు. కొబ్బరినూనె కొంచెం నయం గానీ అదీ దుమ్ము పట్టేదే. కనబడని చోట్లకి, మడ్‌గార్డు లోపలివైపు, రాడ్డు బోల్టుల దగ్గర, గ్రీజు పలచగా పూసుకో. కనబడే క్రోమ్‌కి కార్నౌబా వ్యాక్స్, పూసి ఆరాక తుడిచెయ్, వేళ్ళకి అంటదు, దుమ్ము నిలవదు. మన వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, అందుకని సెప్టెంబర్ ఆఖరులో ఒకసారి గట్టిగా వేయాలి.

వ్యాక్స్, పాలిష్, ఏది వేసినా బ్రేకు డిస్కుకీ, టైరుకీ, సీటుకీ, ఫుట్‌రెస్టు రబ్బరుకీ తగలకూడదు. సీటుకి పాలిష్ పూసి బ్రేకు వేయగానే ముందుకి జారి ట్యాంకు గుద్దుకున్నవాళ్ళని చూశా.

ఇంకొకటి మర్చిపోయా. స్టీల్ బోల్టులు అల్యూమినియం కేసులో బిగించిన చోట, అందులోనూ స్టెయిన్‌లెస్ బోల్టులు అయితే, ఉప్పుతేమకి అల్యూమినియం తెల్ల పొడిగా మారి మరలు పట్టేసి, విప్పబోతే బోల్టు తెగుతుంది. కవర్లు తిరిగి బిగించేటప్పుడు ప్రతి బోల్టుకీ యాంటీ సీజ్ (మరలు పట్టేయకుండా పూసే పేస్టు) గానీ గ్రీజు గానీ అద్దు.

వేదాయపాలెం_రైడర్:
వ్యాక్స్ సైలెన్సర్‌కి కూడా వేయొచ్చా? మాది సైలెన్సర్ మొదట్లో నీలంగా, పసుపుగా మారింది. పైగా ఒక ప్లాస్టిక్ కవర్ అంటుకుని కరిగి మచ్చలా ఉంది.

ఆర్ఎక్స్_ఒంగోలు:
వేడెక్కే చోట వ్యాక్స్ కాలిపోయి మచ్చ పడుతుంది అక్కా. సైలెన్సర్ చివరి భాగం వరకు పర్వాలేదు, ఇంజన్ నుంచి వచ్చే బెండు పైపుకి వద్దు. నీలం రంగు తుప్పు కాదు, వేడికి లోహం పైన ఏర్పడిన సన్నటి ఆక్సైడ్ పొర, మందాన్ని బట్టి రంగు మారి కనిపిస్తుంది. క్రోమ్ పాలిష్‌తో కొంత పోతుంది, కానీ వెంటనే మళ్ళీ వస్తే పాలిష్ కాదు చూడాల్సింది, పెట్రోలు గాలి పాళ్ళు చూపించండి. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైతే పైపు మామూలు కన్నా వేడెక్కుతుంది. గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు ఉన్నా అంతే.

ప్లాస్టిక్ మచ్చకి ఇంజన్ కొద్దిసేపు నడిపి, పైపు గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆపేసి, చెక్కముక్కతో గానీ పాత ప్లాస్టిక్ కార్డుతో గానీ గీరండి, మెత్తబడి లేస్తుంది. మిగిలిన జాడ అసిటోన్‌తో, అది మాత్రం పైపు పూర్తిగా చల్లారాకనే, అసిటోన్ భగ్గున అంటుకుంటుంది. చాకు వాడొద్దు.

కనిగిరి_మాస్టారు:
సైలెన్సర్ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంటి నుంచి సెంటర్ దాకా వెళ్ళి వచ్చేవాళ్ళ సైలెన్సర్ సరిగా వేడెక్కదు, ఆ ఆవిరి లోపలే నీళ్ళై నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. బయట ఎంత పాలిష్ చేసినా ఒకరోజు అడుగున చిల్లు పడేది అందుకే. అప్పుడప్పుడు హైవే మీద కాస్త దూరం పోనివ్వండి, సైలెన్సర్ అడుగున నీళ్ళు కారే చిన్న రంధ్రం ఉంటే మట్టితో పూడిపోకుండా చూడండి.

నెల్లూరు_పులుసు:
విన్నావా, మాస్టారే చెప్పాడు హైవే ఎక్కమని. కావలిలో టీ తాగి వద్దాం, సైలెన్సర్ ఆరోగ్యం కోసం.

మద్రాసు_రోడ్డు:
చుక్కలు దాటిపోయి క్రోమ్ పొరలు పొరలుగా లేచిపోయిన వాటికి పైవేవీ పనిచేయవు, తిరిగి ప్లేటింగే, అంటే కొత్తగా పూత వేయించడమే. మన వైపు చాలామంది చెన్నై అంబత్తూరు పారిశ్రామిక వాడ వైపు పంపిస్తారు. అడగాల్సింది రేటు కాదు. పాత పూత తీశాక గుంటలు ఎట్టా పూడుస్తారు, రాగి వేస్తారా, నికెల్ ఎంత వేస్తారు, ఇది అడగండి. తక్కువ రేటు అంటే రాగి ఉండదు, నికెల్ పేరుకి ఉంటుంది, సముద్రం పక్కన ఒక్క వానాకాలానికే చుక్కలు. పాత కాలపు మందపాటి మడ్‌గార్డు అయితే ఖర్చు పెట్టొచ్చు. మామూలు సైలెన్సర్‌కి మాత్రం ప్లేటింగ్ ఖర్చు కన్నా కొత్తది కొనడమే చౌక, పైగా లోపల నూనె మసి ఉన్న సైలెన్సర్లని చాలామంది తీసుకోరు. ఇంట్లో కిట్‌తో చేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, క్రోమ్ తొట్టిలో ఉండే హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం.

రిమ్ములు ఇచ్చేముందు ట్యూబు తీసి లోపలివైపు చూడండి. అక్కడ పూత పలచన, నీళ్ళు నిలుస్తాయి, బయట మెరుస్తున్న రిమ్ము లోపల తినేసి ఉంటుంది.

కొత్తపట్నం_గాలి:
బండి మీద కప్పే కవర్ గురించి ఎవరూ అనలేదు. ప్లాస్టిక్ కవర్ కప్పితే లోపల చెమ్మ పట్టి వాన కన్నా ఎక్కువ నష్టం. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో గట్టిగా కవర్ కట్టేసిన బండికి, ఊరికే వసారాలో నిలబెట్టిన బండికీ తేడా కళ్ళారా చూశా, కవర్ కట్టిన దానికే తుప్పు ఎక్కువ. గాలి ఆడే బట్ట కవర్ తీసుకోండి, అది కూడా ఇంజన్ చల్లారాక.

మైపాడు_బుల్లెట్:
అప్‌డేట్. బ్లీచింగ్ బస్తాలు మారాయి, బండి ఇంటి వసారాలోకి వచ్చింది. రాడ్డు, ఇండికేటర్ గిన్నెలు రేకుతో రుద్దా, చుక్కలు పోయి సూది గుంటలు మాత్రం ఉన్నాయి, దగ్గరగా చూస్తే తప్ప తెలియదు. వ్యాక్స్ వేశా. సైలెన్సర్ అడుగున చిన్న చిల్లు కనబడింది, మార్చేస్తా. కుడి కవర్ లాకర్ తీయడం అయింది, చీమకుర్తి అన్న చెప్పినట్టు గుడ్డ నల్లబడుతోంది ఇప్పుడు. 600 దాకా వచ్చా. మ్యాటా అద్దమా ఇంకా తేల్చుకోలేదు, పెళ్ళి సీజన్ అయ్యాక చూస్తా. బఫింగ్ కడ్డీలు మాత్రం నెల్లూరులో ఎక్కడ అడిగినా బఫింగ్ అంటే కారు వ్యాక్స్ ఇస్తున్నారు.

చీమకుర్తి_గ్రైండర్:
ఆటోమొబైల్ షాపులో అడగొద్దు. స్టెయిన్‌లెస్ రైలింగులు చేసే ఫ్యాబ్రికేషన్ షాపుకి పో, వాళ్ళు రోజూ వాడేవే, చక్రాలతో సహా ఉంటాయి. కానీ వాళ్ళ దగ్గర ఎక్కువగా ఉండేది ఆకుపచ్చ కడ్డీ, అది స్టీలుకి. అల్యూమినియానికి తెల్లది అని అడిగి తీసుకో, వాళ్ళు వాడేసిన పాత చక్రం ఇస్తే తీసుకోకు, దాంట్లో స్టీలు రజను ఉంటుంది.

వేదాయపాలెం_రైడర్:
తెల్ల గుడ్డ పరీక్ష చేశా, వెండిరంగు అంటింది. స్క్రబ్బర్ దాచేశాను.